నాలుగు నెలలుగా కరాటే నేర్చుకుంటున్నాను: తన్నే కాలు బాగానే ఉంది, నిలబడిన కాలే నొప్పి పెడుతోంది

అనంత_రసాయనం

నా వయసు 41. అనంతపురంలో ఇంటర్ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధిస్తాను. ఆరో తరగతి చదివే మా అమ్మాయిని కరాటే తరగతిలో దింపి, గంటసేపు వీధిలో స్కూటర్ మీద కూర్చుని ఫోన్ చూసుకోవడం కంటే లోపలికి వెళ్ళి నేర్చుకోవడం మేలనిపించి, నాలుగు నెలల కిందట నేను కూడా చేరాను. మొదటి మూడు నెలలు నిలబడే తీరు, నేరుగా కొట్టే పంచ్, ముందుకు తన్నే మాయె గెరి మాత్రమే చేయించారు. అప్పటివరకు ఏ ఇబ్బందీ లేదు. గత నెలలో పక్కనుంచి తిప్పి తన్నే రౌండ్ కిక్ మొదలైంది. అప్పటి నుంచి ఎడమ మోకాలి లోపలి వైపు నొప్పి. తన్నేది కుడికాలు, నొప్పి పెట్టేది ఎడమకాలు. మాస్టారిని అడిగితే ఇదంతా వయసు వల్లనేనని, చేస్తూ పోతే సర్దుకుంటుందని అన్నారు. అదే తరగతిలో మా అమ్మాయి అదే కిక్‌ను నా నడుము ఎత్తుకు అవలీలగా వేస్తోంది.

ఇది నిజంగా వయసేనా, లేక నేను చేస్తున్న తప్పేదైనా ఉందా? దీనితోపాటు పంచింగ్ బ్యాగును గుద్దినప్పుడు నా మణికట్టు లోపలికి మడత పడుతోంది. శిక్షణాలయం పేరు మాత్రం చెప్పను, దయచేసి అడగవద్దు.

ఉగ్గాని_బజ్జి

ఒకరు తన్నితే ఇంకొకరికి నొప్పి రావడం మా ఇంట్లో మామూలే. నేను టీవీ చూస్తే మా ఆవిడకు తలనొప్పి వస్తుంది.

తుంగభద్ర_గట్టు

నేను కర్నూలులో ఫిజియోథెరపీ చేస్తాను. చూడకుండా నిర్ధారణ చేయడం సరికాదు కాబట్టి ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మోకాలు వాచిందా? నడుస్తుండగా మధ్యలో బిగుసుకుపోతోందా? మెట్లు దిగేటప్పుడు కాలు వదిలేసినట్టు అనిపిస్తోందా? నొప్పి మోకాలు ఎత్తేటప్పుడు వస్తోందా, నడుము తిరిగేటప్పుడు వస్తోందా?

అనంత_రసాయనం

వాపు లేదు, బిగుసుకోవడం లేదు, మెట్లు మామూలుగానే దిగుతున్నాను. నడుము తిరిగి కాలు తగిలే క్షణంలో మాత్రమే సూదితో పొడిచినట్టు వస్తుంది, అరగంటలో తగ్గిపోతుంది.

జాబ్_క్రాస్

41 ఏళ్ళకు కిక్కులు ఎందుకండీ? బాక్సింగ్‌కు మారండి. జాబ్, క్రాస్, హుక్, అప్పర్‌కట్ అనే నాలుగు దెబ్బలు, తలను కాపాడుకునే పద్ధతి, అడుగులు వేసే తీరు నేర్చుకుంటే చాలు. మోకాళ్ళ జోలికే వెళ్ళనక్కరలేదు.

పాతబెల్టు_కడప

జాబ్_క్రాస్ గారి మాటతో నేను ఏకీభవించలేను. వెనక చేతితో క్రాస్ కొట్టేటప్పుడు వెనక కాలి మడమ లేచి బయటికి తిరగకపోతే ఆయన మోకాలికి కూడా ఇదే గతి పడుతుంది. దెబ్బ చేతితో కొట్టినా కాలితో కొట్టినా బలం పుట్టేది నేలను తొక్కిన పాదం దగ్గరే. అక్కడి నుంచి అది నడుముకు ఎక్కి, నడుము తిరిగాక భుజానికో, తన్నే కాలికో చేరుతుంది. దారిలో ఎక్కడైనా ఒక కీలు తిరగకుండా మొండికేస్తే, ఆ తిరగాల్సినదంతా దాని పక్కనున్న కీలు మీద పడుతుంది.

రౌండ్ కిక్‌లో జరిగేది చూడండి. కుడి మోకాలు మడిచి పక్కగా ఎత్తుతాము, నడుము ఎడమకు తిరుగుతుంది, ఆపైన మోకాలి కింది భాగం కొరడాలా విచ్చుకుంటుంది. నడుము తిరిగినప్పుడు దానితోపాటు ఎడమ తొడ కూడా తిరుగుతుంది. పాదం మాత్రం నేలకు అతుక్కుని ఉంటే, పైన తొడ తిరిగి కింద పిక్క తిరగక, మధ్యలో మోకాలు నలుగుతుంది. మోకాలు తలుపు బందు లాంటిది. మడవడానికి, చాపడానికి పుట్టింది కానీ గడియ తిప్పినట్టు తిప్పడానికి కాదు. అందుకే నిలబడిన పాదం మడమ కాస్త లేపి, వేళ్ళ కింది గుబ్బ మీద తిరగాలి. కిక్ తగిలే సమయానికి ఆ మడమ కనీసం పక్కకు, వీలైతే ఎదుటివాడి వైపుకు చూస్తూ ఉండాలి. మాయె గెరిలో తొడ ముందుకే లేస్తుంది, నడుము అంతగా తిరగదు. మూడు నెలలు మీకు ఏ బాధా లేకపోవడానికి కారణం అదే.

కడపలో 22 ఏళ్ళు పిల్లలకు, పెద్దలకు నేర్పాను. ఈ నొప్పితో వచ్చిన ప్రతి పెద్దవారినీ నేను మొదట అడిగే ప్రశ్న ఇది: మీరు ఏమి తొడుక్కుని సాధన చేస్తున్నారు?

అనంత_రసాయనం

ఆ సంగతి రాయడం మరచాను. మా తరగతి ఒక భవనం మిద్దె మీద జరుగుతుంది. నేల గరుకు సిమెంటు. మొదటి వారంలోనే నా అరికాళ్ళు బొబ్బలెక్కితే, పెద్దవాళ్ళు బూట్లు వేసుకోవచ్చని మాస్టారు అనుమతి ఇచ్చారు. నేను ఉదయం నడకకు వాడే రబ్బరు అడుగు బూట్లతోనే చేస్తున్నాను. మా అమ్మాయి వట్టి కాళ్ళతో చేస్తుంది.

పాతబెల్టు_కడప

దొంగ దొరికాడు.

ఉగ్గాని_బజ్జి

రసాయనశాస్త్రం మాస్టారు భౌతికశాస్త్రం పరీక్షలో తప్పారన్నమాట. ఘర్షణ అనే పాఠం పక్క గదిలోనే చెబుతూ ఉంటారు కదా.

తుంగభద్ర_గట్టు

పాతబెల్టు గారు చెప్పిన కారణమే చాలా వరకు సరిపోతోంది. జారకుండా పట్టి ఉంచడం నడక బూట్ల పని, రౌండ్ కిక్‌కు సరిగ్గా దానికి వ్యతిరేకమైనది కావాలి. ఒక రెండు వారాలు ఆ కిక్‌ను పూర్తిగా ఆపండి. పంచ్‌లు, మాయె గెరి నొప్పి లేనంత వరకు చేయవచ్చు. రెండు వారాల తర్వాత కూడా నొప్పి ఉంటే, లేదా వాపు, బిగుసుకోవడం, కాలు వదిలేసినట్టుండడం వీటిలో ఏది కనబడినా ఎముకల వైద్యుని దగ్గరకు వెళ్ళండి. లోపలి పక్క ఎముకలను కలిపి ఉంచే బంధకం (లిగమెంట్) సాగిందా, మధ్యలో దిండులా ఉండే మృదులాస్థికి దెబ్బ తగిలిందా అన్నది చేత్తో పరీక్షించి చూడవలసిన విషయం, ఇక్కడ రాసి తేల్చేది కాదు.

మాస్టారు అన్న వయసు మాటలో కొంత నిజం లేకపోలేదు. పదకొండేళ్ళ పిల్ల తుంటి కీలు తిరిగినంత సులువుగా మీ తుంటి తిరగదు. రోజూ కుర్చీలో కూర్చునేవారిలో అది మరీ బిగుస్తుంది. తుంటి ఇవ్వనిదాన్ని మోకాలి దగ్గర లాక్కోవాలని చూస్తే మోకాలు దెబ్బతింటుంది. కాబట్టి ఎత్తు తగ్గించండి. ఆరు నెలలపాటు ఎదుటివారి తొడ ఎత్తుకు మించి తన్నవద్దు.

డోబోక్_తెలుపు

ఎత్తు తగ్గించమనడం నాకు నచ్చలేదు. నేను కర్నూలులో టైక్వాండో నేర్చుకుంటున్నాను. పోటీల్లో ఛాతీ కవచానికి తగిలిన మామూలు కిక్‌కు 2 పాయింట్లు, తలకు తగిలిన కిక్‌కు 3, పంచ్‌కు 1 మాత్రమే. ఎత్తు లేకపోతే ఆటే లేదు. 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో పతకం ఇస్తున్న ఆట ఇది. కరాటే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్కసారి కనబడి, పారిస్‌కు వచ్చేసరికి లేకుండా పోయింది.

తుంగభద్ర_గట్టు

ఆయన ఒలింపిక్స్‌కు వెళ్తున్నానని ఎక్కడా రాయలేదు.

డోబోక్_తెలుపు

ఒప్పుకుంటున్నాను. అయితే పాదం తిరగడం గురించి మా వైపు నుంచి ఒక విషయం చెప్పగలను. టైక్వాండో సాధనకు వాడే బూట్లలో చాలా వాటికి అడుగున, వేళ్ళ గుబ్బ ఉండే చోట, నున్నటి గుండ్రటి భాగం ఉంటుంది. పాదం దాని మీద బొంగరంలా తిరగాలని అలా చేస్తారు. వట్టి కాళ్ళతో చేయలేనివారికి అవి పనికొస్తాయి. సాక్సులతో మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. మా తరగతిలో ఒక అబ్బాయి పాలిష్ చేసిన బండల మీద సాక్సులతో కిక్ వేసి, కిందపడి తోక ఎముకకు దెబ్బ తగిలించుకుని, నెల రోజులు దిండు మీద కూర్చున్నాడు.

కర్రసాము_మనవడు

మాది ఆలూరు వైపు. దసరా రాత్రి దేవరగట్టులో కర్రలు లేచే ప్రాంతం కాబట్టి, కాళ్ళతో తన్నుకోవడం గురించి ఇంత శాస్త్రం ఉందని మాకు తెలియదు. కానీ మా తాత కర్రసాము నేర్పేటప్పుడు మొదటి నెల చేతికి కర్ర ఇచ్చేవాడు కాదు. కళ్ళం గట్టి నేల మీద వట్టి కాళ్ళతో అడుగు మార్చడం, పాదం మీద తిరగడం, మళ్ళీ అదే చోటికి రావడం మాత్రమే చేయించేవాడు. మడమ నేలకు ఆనిస్తే పిక్క మీద కర్ర కొసతో తట్టేవాడు. మాటల్లో చెప్పడం ఆయనకు రాదు. పాతబెల్టు గారు ఇప్పుడు రాసినది చదివాక అది ఎందుకో అర్థమైంది.

అనంత_రసాయనం

అందరికీ కృతజ్ఞతలు. మరి బొబ్బల సంగతి ఎలా? వట్టి కాళ్ళతో చేస్తే చర్మం పోతోంది, బూట్లు వేస్తే మోకాలు పోతోంది.

పాతబెల్టు_కడప

జపాన్ శిక్షణశాలల్లో నేల నున్నటి చెక్క పలకలది. వట్టి పాదం అక్కడ తేలికగా తిరుగుతుంది. మనకు ఉన్నది మిద్దె మీది గరుకు సిమెంటు, అందులోనూ ఏప్రిల్ వస్తే సాయంత్రం ఆరింటికి కూడా పెనంలా ఉండే అనంతపురం సిమెంటు. నేను పాఠం చెప్పిన చోట పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి, ఒకదానిలో ఒకటి ఇరికే నురుగు చాపలు కొనిపించాను. అవి మరీ మెత్తనివైతే పాదం కూరుకుపోయి మళ్ళీ తిరగదు, కాబట్టి బొటనవేలితో నొక్కితే కొద్దిగా మాత్రమే లొంగే రకం చూడాలి. అది కుదరకపోతే ఇంట్లో గచ్చు నేల మీద సాధన చేయండి.

సాధన ఇలా మొదలుపెట్టండి. గోడకు పక్కగా నిలబడి, రెండు చేతులు గోడకు ఆనించి, తన్నకుండానే కుడి మోకాలు పక్కకు ఎత్తి, ఎడమ మడమ గోడ వైపు వచ్చేదాకా పాదాన్ని తిప్పండి. మోకాలు దించి మళ్ళీ పాదాన్ని మొదటి చోటికి తెచ్చుకోండి. ఇలా పది సార్లు, ఆపైన రెండో కాలితో పది సార్లు. మోకాలు, పాదం ఎప్పుడూ ఒకే దిక్కుకు చూస్తూ ఉండాలి. వారం తర్వాత కాలు చాపండి. అప్పుడు కూడా గాలిలో పూర్తి వేగంతో చివరిదాకా విదిలించవద్దు. తగలడానికి ఏమీ లేనప్పుడు ఆ వేగాన్ని ఆపాల్సినది మళ్ళీ పాపం మోకాలే. తన్నిన కాలును వేసినంత వేగంగానూ వెనక్కి మడిచి, తర్వాతే నేల మీద పెట్టాలి. చాలామంది తన్ని, కాలును బస్తా దించినట్టు ముందుకు పడేస్తారు.

ఒక్క మాట మీ మాస్టారి పక్షాన కూడా చెప్పాలి. మూడు నెలలు పంచ్, మాయె గెరి మాత్రమే చేయించడం తప్పు కాదు. మేము మొదట నేర్చే హేయాన్ షోదాన్ అనే కటాలో, అంటే వరుసగా కూర్చిన కదలికల పాఠంలో, ఒక్క కిక్ కూడా లేదు. ఆ కటాలను గత శతాబ్ది తొలి ఏళ్ళలో జపాన్‌లోని ఒకినావా బడి పిల్లల కోసం ఇతొసు అంకో కూర్చారు. మేము నేర్చే వరుసలో మొదటిదానిలో అడుగు వేయడం, తిరగడం, అడ్డుకోవడం, గుద్దడం మాత్రమే ఉంటాయి. కిక్ రెండోదానిలో వస్తుంది. మీ మాస్టారు బూట్లకు అనుమతి ఇచ్చి, ఆ బూట్లతో రౌండ్ కిక్ చేయించడం మాత్రం పొరపాటే.

జాబ్_క్రాస్

కిక్కుల మాట ముగిసినట్టుంది కాబట్టి మణికట్టు సంగతికి వస్తాను. మీ బ్యాగులో ఏముంది? ఎంత ఎత్తులో కొడుతున్నారు?

అనంత_రసాయనం

ఇసుక అనుకుంటాను. కింది భాగం రాయిలా ఉంటుంది. ఛాతీ ఎత్తులో కాస్త మెత్తగా ఉంటుంది.

ప్రొద్దుటూరు_కట్‌పీసు

బ్యాగు గురించి అయితే నేను మాట్లాడగలను. మాది దర్జీ దుకాణం. ఇసుక నింపిన బ్యాగు నెల రోజుల్లో కిందికి దిగి గట్టిపడుతుంది, పైన ఖాళీ అవుతుంది. దానికి బదులు దర్జీల దగ్గర మిగిలే గుడ్డ ముక్కలు తీసుకోండి. ఎవరైనా బస్తాలకొద్దీ ఇస్తారు. బొత్తాములు, జిప్పులు ఉంటే ఏరేయాలి. ఒక్కసారే కుక్కకుండా, జానెడు ఎత్తు వేసి కాలితో తొక్కి, మళ్ళీ జానెడు వేసి తొక్కుతూ నింపితే పైనుంచి కింది వరకు ఒకే గట్టితనం వస్తుంది. మా వీధి జిమ్ముకు ఇలా రెండు నింపి ఇచ్చాను. మూడేళ్ళయింది, ఇంకా పొట్ట రాలేదు.

ఉగ్గాని_బజ్జి

మూడేళ్ళు జిమ్ములో ఉండి పొట్ట రానిది ఆ బ్యాగు ఒక్కటేనేమో.

జాబ్_క్రాస్

కట్‌పీసు గారి మాట అక్షరాలా నిజం. ఇక పిడికిలి విషయం. నాలుగు వేళ్ళు గట్టిగా మడిచి, బొటనవేలిని చూపుడువేలు, మధ్యవేలు కణుపుల మీద బయటి నుంచి ఆనించాలి. లోపల దాచుకుంటే మొదటి దెబ్బకే విరుగుతుంది. తగలాల్సినవి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ళలోని రెండు పెద్ద కణుపులు. ముంజేయి, మణికట్టు, ఆ రెండు కణుపులు ఒకే గీతలో ఉండాలి. కొత్తవారు గుండ్రంగా చేయి విసిరి చిటికెనవేలు వైపు తగిలించుకుంటారు. ఆ వేలి వెనక అరచేతిలో ఉండే ఎముక మెడ దగ్గర విరగడం ఎంత మామూలంటే, దానికి బాక్సర్ ఫ్రాక్చర్ అనే పేరే స్థిరపడింది. నిజానికి శిక్షణ పొందిన బాక్సర్ల కంటే కోపంలో గోడను గుద్దినవారికే అది ఎక్కువగా వస్తుంది.

మీ మణికట్టు లోపలికి మడత పడుతోందంటే, పిడికిలి వదులుగానైనా ఉండాలి, ఊగుతున్న బ్యాగు మీదికి వచ్చే సమయంలో కొడుతూనైనా ఉండాలి. ఒక నెల సగం బలంతో మాత్రమే కొట్టండి. పిడికిలిని దారి పొడవునా బిగించవద్దు, తగిలే క్షణంలో బిగించాలి. చేతికి చుట్టే పట్టీ లేకుండా బ్యాగు ముట్టుకోవద్దు. మా నాన్న పాత పంచె చింపి, రెండంగుళాల వెడల్పున, నాలుగు మీటర్లకు పైగా పొడవుతో కుట్టించుకున్న పట్టీలే నేను మొదటి ఏడాదంతా వాడాను. మణికట్టు చుట్టూ మూడు చుట్లు, అరచేయి వెనక మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి.

పాతబెల్టు_కడప

దీనికి ఒక చేర్పు. మా పద్ధతిలో గుద్దే చేయి ముందుకు వెళ్ళేటప్పుడు రెండో చేయి తుంటి దగ్గరకు లాగుతాము, దాన్ని హికితె అంటారు. బ్యాగు మీద బాక్సింగ్ వారిలా రెండో చేతిని గడ్డం దగ్గర ఉంచుకోవడంలో తప్పు లేదని నేను పెద్దయ్యాక ఒప్పుకున్నాను. కటాలో తుంటి దగ్గర, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు గడ్డం దగ్గర.

జాబ్_క్రాస్

ఈ వాక్యాన్ని అచ్చు వేయించి మా జిమ్ము గోడకు అంటించుకుంటాను.

వసతిగృహం_అక్క

నంద్యాల దగ్గర ఒక బాలికల వసతిగృహంలో వారానికి రెండు రోజులు ఆత్మరక్షణ నేర్పుతాను. ఇంతసేపూ చదివాక నాకు ఒక అభ్యంతరం ఉంది. రెండు నెలలు మాత్రమే సమయం ఉన్న ఆడపిల్లలకు పిడికిలి నేర్పడం మొదలుపెట్టకూడదు. పిడికిలితో ముఖం మీద కొడితే ఎదుటివాడి దవడ కంటే మన వేళ్ళకే ఎక్కువ ప్రమాదం. నేను అరచేతి మడమతో గడ్డం కిందికి కొట్టడం, పిడికిలి అడుగు భాగంతో సుత్తిలా కొట్టడం, దగ్గరకు లాగినప్పుడు మోచేయి వాడడం, వీటితోనే మొదలుపెడతాను. కిక్కుల్లో రెండే నేర్పుతాను. ఒకటి మోకాలి కింద ముంగాలి ఎముక మీద తన్నడం, రెండోది మోకాలితో పొత్తికడుపులో పొడవడం. చీర, చుడీదార్, లంగావోణీ వేసుకున్న రోజున కూడా అవి పనిచేస్తాయి. అన్నింటికంటే ముందు గొంతు తెరిచి అరవడం నేర్పుతాను. మొదటి రోజు నలభై మందిలో పట్టుమని అయిదుగురు కూడా గట్టిగా అరవలేకపోయారు. తన్నమంటే తన్నారు, అరవమంటే నోట్లో కొంగు కుక్కుకుని నవ్వారు. అది వదిలించడానికే మూడు వారాలు పట్టింది.

డోబోక్_తెలుపు

మా అన్నయ్య అయితే ఒకడిని ఒకే ఒక్క కిక్‌తో పడగొట్టాడు. ఆ తర్వాత వాడు పరుగెత్తబోతుంటే పట్టుకుని ఇంకో నాలుగు తగిలించాడు.

నల్లకోటు_కర్నూలు

డోబోక్ గారి అన్నయ్య కథలో మొదటి కిక్ ఆత్మరక్షణ కావచ్చు. తర్వాతి నాలుగు కావు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గురించి చెబుతాయి. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయడానికి ఆ హక్కు వర్తించదు. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. వాడు వెనుదిరిగి పరుగెత్తాడంటే ఆ హక్కు కూడా వాడితోపాటే పరుగెత్తిపోయినట్టు.

డోబోక్_తెలుపు

ఈ వివరాన్ని మా అన్నయ్యకు చెప్పాను. పడగొట్టింది కూడా నిజానికి తాను కాదని, వాడే జారిపడ్డాడని ఇప్పుడు అంటున్నాడు.

వసతిగృహం_అక్క

అనంత_రసాయనం గారు, మీ అమ్మాయి సంగతి అడగడం మరచాను. పిల్లల చేత గట్టి నేల మీద పిడికిళ్ళతో పుష్‌అప్‌లు చేయిస్తున్నారా? ఆ బ్యాగునే వాళ్ళతో కూడా గుద్దిస్తున్నారా? ఆ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి, కణుపులు గట్టిపడాలని రాళ్ళమీద రుద్దించే పద్ధతి పిల్లలకు అస్సలు తగదు.

అనంత_రసాయనం

పుష్‌అప్‌లు చేయిస్తున్నారు. ఈ విషయం మాస్టారితో మాట్లాడతాను.

అనంత_రసాయనం

మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. పదిహేను రోజులు రౌండ్ కిక్ ఆపాను. నొప్పి పోయింది. తర్వాత ఇంట్లో హాలు గచ్చు మీద వట్టి కాళ్ళతో, గోడ పట్టుకుని పాతబెల్టు గారు చెప్పిన సాధన మొదలుపెట్టాను. మొదటి రోజు మడమ తిరుగుతోందనే అనుకున్నాను. మా అమ్మాయి పక్కన కూర్చుని పలక మీద గీసే సుద్దముక్కతో నా పాదం చుట్టూ గీత గీసింది. కిక్ వేశాక చూస్తే పాదం ఆ గీతలోనే బుద్ధిగా ఉంది, తిరిగినది నా తల మాత్రమే. ఇప్పుడు రోజూ ఆమె గీత గీస్తుంది, నేను దాన్ని దాటాలి. దాదాపు సగం సార్లు దాటుతున్నాను. ఎడమకాలితో తన్నేటప్పుడు మాత్రం ఇంకా గీతలోనే ఇరుక్కుంటున్నాను.

మాస్టారితో మాట్లాడాను. పిల్లలకు పిడికిలి పుష్‌అప్‌లు ఆపి, అరచేతులతో చేయిస్తున్నారు. బ్యాగు విప్పితే లోపల ఇసుకతోపాటు రెండు ఇటుక ముక్కలు కూడా వచ్చాయి. ఎవరు వేశారో ఎవరికీ తెలియదట. చాపలు కొనడానికి తల్లిదండ్రులు చందా వేసుకుంటున్నారు, ఇంకా సగం మంది ఇవ్వాలి.

ప్రొద్దుటూరు_కట్‌పీసు

ఇటుకలు ఎందుకు వేశారో నేను చెప్పగలను. ఇసుక కొలత తక్కువై బ్యాగు నిలబడక వేసి ఉంటారు. అనంతపురంలో గుడ్డ ముక్కలు దొరకకపోతే చెప్పండి, ఇక్కడి నుంచి రెండు బస్తాలు బస్సుకు వేస్తాను. లగేజీ ఖర్చు మాత్రం మీదే.

తుంగభద్ర_గట్టు

ఎడమకాలితో తన్నేటప్పుడు నిలబడేది కుడికాలు. ఆ వైపు తుంటి ఎంత తిరుగుతుందో ఒకసారి చూసుకోండి. నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాలు ఛాతీ వైపు మడిచి, పాదాన్ని లోపలికి, బయటికి తిప్పి రెండు వైపులా పోల్చండి. సాధనకు ముందు సాగదీసి పట్టి ఉంచడం వద్దు, కాళ్ళు ఊపుతూ వేడెక్కించుకోండి. పట్టి ఉంచే సాగదీతలు సాధన అయ్యాక చేసుకోండి.

అనంత_రసాయనం

చూశాను. కుడి తుంటి ఎడమదానికంటే బాగా బిగుసుగా ఉంది. నల్లబల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఒకే కాలి మీద బరువు వేసి నిలబడే అలవాటు వల్ల కావచ్చునని మా ఆవిడ అంటోంది.

ఉగ్గాని_బజ్జి

ఇక సుద్దముక్కను కాలేజీలో కూడా కాళ్ళ చుట్టూ గీయించుకోండి.